అడవి అంచు పొలాలపై కెమెరా డ్రోన్: ఎత్తు పరిమితులు, గగనతల నిబంధనలు

ఖమ్మం జిల్లాలోని వైరా, మధిర ప్రాంతాల చదును భూముల నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోని పాల్వంచ, భద్రాచలం దిశగా సాగే కొద్దీ నేల స్వరూపం మారుతుంది. వరి, పత్తి, మిరప చేలకు ఆనుకొని గుట్టలు, రిజర్వు అడవులు, పోడు భూములు కనిపిస్తాయి. పైరు ఎదుగుదల, ఆయిల్ పామ్ తోటలలో చెట్ల లెక్క, వరద ముంపు అంచనాలకు కెమెరా డ్రోన్లు ఎంతగానో ఉపకరిస్తున్నాయి. అయితే చదును పొలంలో అలవడిన పద్ధతినే గుట్టల నడుమ పాటిస్తే నిబంధనల ఉల్లంఘనకు, పరికర నష్టానికి ఆస్కారం ఉంటుంది.

నిబంధనల స్వరూపం

దేశంలో డ్రోన్ల వినియోగాన్ని 2021 ఆగస్టు 25న వెలువడిన డ్రోన్ నియమాలు నిర్దేశిస్తున్నాయి. వీటి ప్రకారం గగనతలం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజితమైంది. ఆకుపచ్చ మండలంలో 400 అడుగులు, అనగా 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. విమానాశ్రయ సరిహద్దు నుంచి 8–12 కిలోమీటర్ల మధ్య ఈ పరిమితి 200 అడుగులకు, అనగా 60 మీటర్లకు తగ్గుతుంది. ఆ ఎత్తులు దాటితే పసుపు మండలం మొదలవుతుంది. అక్కడ సంబంధిత గగనతల నియంత్రణ సంస్థ అనుమతి పొందాలి. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే డ్రోన్ ఎగురరాదు.

ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలలో నడుస్తున్న విమానాశ్రయం లేదు. అందువల్ల ఇక్కడి పరిమితులు ప్రధానంగా అడవులు, భద్రతాపరమైన ప్రాంతాలు, కీలక పరిశ్రమల రూపంలో ఎదురవుతాయి. ప్రతి సర్వేకు ముందు డిజిటల్ స్కై వేదికలోని గగనతల పటాన్ని ఆ రోజే పరిశీలించాలి.

ఎత్తును ఎక్కడి నుంచి కొలవాలి?

నియమంలోని 120 మీటర్లు డ్రోన్‌కు సరిగ్గా దిగువనున్న నేల నుంచి లెక్కించవలసినవి. కాని చాలా కెమెరా డ్రోన్ల తెరపై కనిపించే ఎత్తు, అది పైకి లేచిన స్థానం నుంచి లెక్కించినది. చదును నేలపై ఈ రెండూ దాదాపు ఒకటే. గుట్ట మీద నుంచి 120 మీటర్ల ఎత్తుకు లేచిన డ్రోన్, 50 మీటర్ల దిగువనున్న లోయ మీదికి సాగితే నేల నుంచి దాని ఎత్తు 170 మీటర్లవుతుంది. తెరపై మాత్రం 120 అనే ఉంటుంది. నిర్వాహకునికి తెలియకుండానే పరిమితి దాటినట్లవుతుంది.

దీనికి విపర్యయం మరింత ప్రమాదకరం. లోయలో 60 మీటర్ల ఎత్తుకు లేచిన డ్రోన్, 45 మీటర్లు ఎత్తైన వాలు మీదికి చేరితే నేలకు 15 మీటర్ల దూరంలోనే ఉంటుంది. అక్కడ 20 మీటర్ల చెట్లుంటే ఢీకొనడం ఖాయం. కనుక వాలు భూములలో నేల ఎత్తుపల్లాల సమాచారం ఆధారంగా ప్రయాణ మార్గాన్ని రూపొందించాలి, లేదా పొలాన్ని చిన్న ఖండాలుగా విభజించి ఒక్కొక్క ఖండంలో విడిగా ఎగురవేయాలి.

ఎత్తు, చిత్ర స్పష్టత

ఎత్తు పరిమితి వ్యవసాయ పరిశోధనకు అవరోధమని కొందరు భావిస్తారు. లెక్క అందుకు భిన్నంగా ఉంది. 13.2 మిల్లీమీటర్ల వెడల్పు గల సెన్సరు, 8.8 మిల్లీమీటర్ల నాభ్యంతరం, చిత్రం వెడల్పున 5,472 పిక్సెళ్లు ఉన్న కెమెరాకు 120 మీటర్ల ఎత్తులో ఒక్క పిక్సెల్ నేలపై సుమారు 3.3 సెంటీమీటర్లకు సమానం. 60 మీటర్ల వద్ద అది 1.6, 30 మీటర్ల వద్ద 0.8 సెంటీమీటర్లు. మిరపలో ఆకుముడత లక్షణాలను గుర్తించాలంటే ఎత్తు పెంచడం కాదు, తగ్గించడమే మార్గం. ఎత్తు సగమైతే ఒక్కో చిత్రంలో చేరే విస్తీర్ణం నాలుగో వంతుకు తగ్గుతుంది. చిత్రాల సంఖ్య, బ్యాటరీల అవసరం ఆ మేరకు పెరుగుతాయి.

అడవి, వరద సందర్భాలు

ఆకుపచ్చ మండలం అన్నంత మాత్రాన ఇతర చట్టాలు వర్తించకపోవు. కిన్నెరసాని అభయారణ్యం వంటి రక్షిత ప్రాంతాలలో ప్రవేశానికి, చిత్రీకరణకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం అనుమతి పొందాలి. పొలం అభయారణ్యాన్ని ఆనుకొని ఉంటే డ్రోన్ మలుపు తిరిగే స్థలం కూడా పొలం హద్దులోనే ఉండేలా మార్గాన్ని నిర్ణయించాలి. ఛత్తీస్‌గఢ్ సరిహద్దు మండలాలలో స్థానిక పోలీసులకు ముందుగా తెలియజేయడం శ్రేయస్కరం.

భద్రతా కారణాలతో రాష్ట్ర ప్రభుత్వం లేదా పోలీసు యంత్రాంగం ఒక ప్రాంతాన్ని ఒక్కో విడతలో 96 గంటలకు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటింది. అటువంటి వేళ పంట నష్టాన్ని వెంటనే చిత్రీకరించాలన్న ఆతురత సహజం. కాని సహాయక హెలికాప్టర్లు తక్కువ ఎత్తులో తిరుగుతాయి. మానవసహిత విమానాలకు డ్రోన్ దారి వదలడం నియమం. జిల్లా యంత్రాంగం సమ్మతించే వరకు సర్వే ఆపాలి.

సంస్థల బాధ్యత

డ్రోన్‌కు విశిష్ట గుర్తింపు సంఖ్య ఉండాలి. 2 కిలోల వరకు బరువున్న సూక్ష్మ డ్రోన్‌ను వాణిజ్యేతర అవసరానికి నడిపేవారికి పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. అంతకు మించితే అవసరం. పరిశోధన, పరీక్షల నిమిత్తం గుర్తింపు పొందిన సంస్థలకున్న మినహాయింపులు ఆకుపచ్చ మండలంలో, సంస్థ ఆవరణకు లేదా దాని అధీనంలోని బహిరంగ స్థలానికే పరిమితం. పరిశోధన క్షేత్రంలో లభించే ఈ వెసులుబాటు రైతు పొలానికి వర్తిస్తుందని భావించరాదు. ఉల్లంఘనకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే వీలుంది.

విద్యార్థులకు శిక్షణ ఇచ్చేటప్పుడు ప్రతి సర్వేకు తేదీ, బయలుదేరిన స్థానం, పొలంలోని గరిష్ఠ, కనిష్ఠ నేల ఎత్తులు, పొందిన అనుమతులు నమోదు చేయించాలి. చిత్రాలను విశ్లేషించే వేళ పిక్సెల్ పరిమాణాన్ని సరిచూడడానికి కూడా ఈ నమోదే ఆధారమవుతుంది.