పాల బిల్లు సొమ్ము, ఫోను చందాలు

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు, పాల బిల్లు పడిన ఖాతాలో నెలనెలా వందో రెండు వందలో తగ్గుతున్నదని సభ్యులు మాకు చెబుతున్నారు. విచారిస్తే, చాలావరకు అది స్మార్ట్‌ఫోనులో సినిమాలకో, ఆటలకో కట్టే చందా. మొదట ఉచితమని చేర్చుకొని, గడువు తీరగానే రుసుము తీసుకుంటారు.

యాప్‌ను ఫోనులోంచి తీసివేస్తే చందా ఆగదు. గేదెను అమ్మినంత మాత్రాన దాని మీది అప్పు తీరదు కదా!

చూడవలసిన చోట్లు రెండు:

1. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు గుండ్రని గుర్తు నొక్కి, ‘పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్’లో ‘సబ్‌స్క్రిప్షన్స్’ చూడవలెను. అక్కరలేని దానిని ‘క్యాన్సిల్’ చేయవలెను.

2. అక్కడ కనబడనిది యూపీఐ ఆటోపే ద్వారా పోతుండవచ్చు. 2020లో వచ్చిన ఈ పద్ధతిలో ఒకసారి పిన్ కొట్టి ఒప్పుకుంటే, ఇటువంటి చందాలకు ప్రతి నెలా పిన్ అడగరు. డబ్బు పంపే యాప్‌లోనే ‘ఆటోపే’ తెరిచి రద్దు చేయవచ్చును.

సొమ్ము తీయడానికి కనీసం 24 గంటల ముందు సభ్యునికి తెలియజేయవలెనని రిజర్వు బ్యాంకు నియమం. కనుక ఆ సందేశాన్ని చదవకుండా తుడిచివేయరాదు. రద్దు చేసిపెడతామని ఫోను చేసేవారికి పిన్ చెప్పరాదు.

వెన్న శాతం చూసుకున్నంత శ్రద్ధగా పాసుపుస్తకం కూడా చూసుకోవలెనని సభ్యులకు మా మనవి.