‘సాక్షి’ చిత్రం – ప్రేక్షకుల తీర్పు

ఒక నాటకం రక్తి కట్టినదా లేదా అన్న ప్రశ్న కోసం భరతముని ప్రత్యేకంగా ఒక అధ్యాయమే కేటాయించినాడు. నాట్యశాస్త్రంలోని 27వ అధ్యాయం సిద్ధిని గురించినది. ప్రేక్షకులు చిరునవ్వు నవ్వటం, బిగ్గరగా నవ్వటం, ‘బాగు, బాగు’ అనటం, ‘అయ్యో’ అని నొచ్చుకోవటం, ఒడలు పులకరించి ఆసనం మీదనుంచి లేవటం, ఉత్తరీయాలూ ఉంగరాలూ బహుమానంగా విసరటం – ఇవన్నీ మానుషసిద్ధికి గుర్తులు. సభ కిటకిటలాడుతూ ఉండి కూడా, అందులో శబ్దం గాని కలకలం గాని లేకపోతే అది దైవసిద్ధి. చప్పట్లకంటె నిశ్శబ్దమే గొప్ప ప్రశంస అని దీని తాత్పర్యం.

ఉత్కంఠను నమ్ముకొన్న చలనచిత్రానికి ఈ కొలబద్ద సరిగ్గా సరిపోతుంది. ఈలలు వేయించటానికి ధనం ఉంటే చాలా మార్గాలున్నవి. ఊపిరి బిగబట్టించటానికి ధనం చాలదు. తెలుగులో ఈ సంగతిని తొలినాళ్ళలోనే రుజువు చేసిన చిన్న చిత్రం ‘సాక్షి’. 1967 జూలైలో విడుదలైన ఈ చిత్రం బాపు దర్శకత్వానికి మొదటి ఫలం. కథ ముళ్ళపూడి వెంకటరమణది. ఇద్దరూ పత్రికారంగంనుంచి వచ్చినవారే. పెద్ద తారలు లేరు, రంగులు లేవు, స్టూడియోలో వేసిన సెట్టింగులు లేవు. గోదావరి డెల్టాలో ఆత్రేయపురం దగ్గరి పులిదిండి అనే పల్లెకు కెమేరాను మోసుకొనిపోయి, ఆ ఊళ్ళోనే, ఆ రేవులోనే చిత్రాన్ని తీసినారు. కె.వి. మహదేవన్ సంగీతం సమకూర్చినారు.

గోదావరి ఒడ్డున తీసిన ఈ చిత్రంతో గుంటూరు సీమకు చుట్టరికం ఉన్నది. నాయకుడు కృష్ణ తెనాలి పక్కన బుర్రిపాలెం బిడ్డ. నాయిక విజయనిర్మలకు నరసరావుపేటతో సంబంధం ఉన్నది. వారిద్దరూ కలిసి నటించిన మొదటి చిత్రం ఇదే. అప్పటికి ప్రకాశం జిల్లా ఏర్పడలేదు. ఒంగోలు, అద్దంకి, చీరాల గుంటూరు జిల్లాలోనే ఉండేవి. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పంతులుగారి పేరు ధరించినది. చిత్రం విడుదలైన మరుసటి నెలలోనే, అంటే 1967 ఆగస్టులో, నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలినారు. నల్లరేగడి నేలలు ప్రత్తికీ మిరపకూ పేరుమోయటానికి, పల్లెలలో చేతికి నాలుగు రూకలు రావటానికి అది ఒక మలుపు.

ఆ కాలపు పల్లెప్రేక్షకుడు చాలవరకు టూరింగు టాకీసు ప్రేక్షకుడు. పంటలు ఇల్లు చేరే రోజులలో డేరా వెలిసేది. ఘంటసాల కంఠంలో వేంకటేశ్వరుని పాట మైకులో వినిపించగానే ‘ఆట మొదలు కాబోతున్నది’ అని మిరపకళ్ళాల దగ్గర కాపలా ఉన్నవారికి సైతం తెలిసేది. నేల, బెంచి, కుర్చీ అని తరగతులు. ప్రొజెక్టరు ఒక్కటే కావటం వల్ల రీలు మార్చినప్పుడల్లా దీపాలు వెలిగేవి. ప్రాణం గొంతులోకి వచ్చిన ఘట్టంలో తెర తెల్లబోతే, ఆ రెండు నిమిషాలలో డేరా అంతా విమర్శకుల సభ అయిపోయేది. ‘ఇప్పుడేమవుతుంది?’ అని పక్కవాడిని అడగటంలోనే ఉత్కంఠ అన్న మాటకు అర్థం ఉన్నది.

కథ చిన్నది. రేవులో బల్లకట్టు నడుపుకొనే ఒక అమాయకుడు ఒక హత్యను కళ్ళారా చూస్తాడు. హంతకుడు ఫకీరు ఊరినంతటినీ హడలగొట్టే రౌడీ. ‘నీకు మేమున్నాం’ అని ఊరివారు భరోసా ఇవ్వగా, అమాయకుడు న్యాయస్థానంలో చూచినది చూచినట్లు చెప్పుతాడు. ఫకీరు పగ తీర్చుకొంటానని బెదిరించి జైలుకు పోతాడు. కొన్నాళ్ళకు జైలునుంచి తప్పించుకొని వస్తాడు. సాక్షి గడప గడపకూ పోయి తలుపు తడతాడు. ఒక్క తలుపూ తెరుచుకోదు. అతనిని ప్రేమించి, ఆ ఆపద నడుమనే గుడిలో పెండ్లాడే చుక్క, స్వయానా ఫకీరు చెల్లెలు. ఊరికంటె పగవాని ఇంటి ఆడపడుచే అతనికి దిక్కు కావటం కథలోని చమత్కారం.

హంతకుడెవరో మొదటనే తెలిసిపోయినప్పుడు ఇది ఉత్కంఠచిత్రం ఎట్లా అయినదని విద్యార్థులు అడుగవచ్చును. ఆంగ్లచిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ ఈ సందేహాన్ని ఒక ఉదాహరణతో తీర్చినాడు. బల్లకింద బాంబు ఉన్నట్లు మనకు తెలియకుండా అది పేలితే కొద్ది క్షణాల ఆశ్చర్యం. బాంబు ఉన్నదని మనకు తెలిసి, బల్ల చుట్టూ కూర్చున్నవారికి తెలియకపోతే, నిమిషాల తరబడి ఉత్కంఠ. 1985లో వంశీ తీసిన ‘అన్వేషణ’ను ‘సాక్షి’ పక్కన పెట్టి చూస్తే ఈ భేదం బాగా బోధపడుతుంది. అదీ జనసంచారం లేని చోట జరిగే కథే. అడవిలో మనుషులు చనిపోతూ ఉంటారు. పులి చంపినదా, మనిషి చంపినాడా అన్నది ప్రశ్న. ఇళయరాజా సంగీతం ఆ అడవికి ప్రాణం పోసినది. అక్కడ ప్రేక్షకుని ప్రశ్న ‘ఎవరు?’ అన్నది, ‘సాక్షి’లో ‘ఎవరైనా వస్తారా?’ అన్నది. మొదటి ప్రశ్న జవాబు తెలియగానే తీరిపోతుంది. రెండవది జవాబు తెలిసిన తరువాత కూడా మనసులో ముల్లులా మిగిలిపోతుంది.

ఇటువంటి చిత్రం చూచినవారి అభిప్రాయాలు ఒక్కతీరుగా ఉండవు. యువకులకు శృంగారమూ, శూరులకు వీరరౌద్రాలూ, వృద్ధులకు పురాణ ధర్మకథలూ రుచిస్తాయని భరతుడే చెప్పినాడు. ‘సాక్షి’ మీద రాదగిన ఆక్షేపణలు ముఖ్యంగా మూడు. వాటిని తోసిపుచ్చకుండా తూచి చూడటం మంచిది.

మొదటిది – నాయకుడు పిరికివాడన్నది. అంతకుముందు సంవత్సరమే, 1966లో, ‘గూఢచారి 116’లో కృష్ణను తుపాకీ పట్టిన సాహసిగా చూచినవారికి, తలుపు తలుపునా కాపాడమని వేడుకొనే కృష్ణ మింగుడుపడకపోవటంలో వింత లేదు. ఈ ఆక్షేపణ మనకే పరిమితమైనది కాదు. రమణగారి కథకు ప్రేరణ అయిన అమెరికా చిత్రం ‘హై నూన్’ 1952లో వచ్చినది. ఫ్రెడ్ జిన్నెమన్ దర్శకుడు. గారీ కూపర్ నాయకుడు. పగవాడు మధ్యాహ్నపు రైలుకు దిగుతాడని తెలిసిన మార్షల్ ఊరంతా తిరిగి సాయం అడుగుతాడు. సుమారు 85 నిమిషాల చిత్రంలో కథాకాలమూ దాదాపు అంతే. దానికి 4 ఆస్కార్లు వచ్చినవి. అయినా, మంచి షెరీఫు అన్నవాడు సాయం కోసం ఊరంతా పరుగులెత్తడని దర్శకుడు హోవార్డ్ హాక్స్ చిరాకుపడి, దానికి జవాబుగా 1959లో ‘రియో బ్రావో’ తీసినాడు. జాన్ వేన్ అందులో నాయకుడు. ‘హై నూన్’ అమెరికా స్వభావానికే విరుద్ధమన్నంత దూరం పోయినాడాయన. మరొకవైపు, ఆ చిత్రరచయిత కార్ల్ ఫోర్‌మన్ ఆనాటి రాజకీయ విచారణలకు గురై, మిత్రులు మొగం చాటువేయగా దేశం విడిచినవాడు. తలుపులు మూసుకొన్న ఊరు ఆయనకు కల్పన కాదు.

రమణ, బాపులు ఆ కథను ఉన్నదున్నట్లు తెచ్చుకొనలేదు. అక్కడ నాయకుడు అధికారి. తుపాకీ కాల్చటం అతని వృత్తి. ఇక్కడ బల్లకట్టువాడు. అతనికి ఆయుధం లేదు, హోదా లేదు. చూచిన నిజం ఒక్కటే అతని సొత్తు. అటువంటివాడు భయపడకపోతేనే అసహజం. భయపడినవాడే చివరకు తిరగబడటం వల్ల అతని ధైర్యానికి విలువ వచ్చినది. భయమే ఎరుగనివాని సాహసంలో ప్రేక్షకుడు నేర్చుకోవలసినది తక్కువ.

రెండవ ఆక్షేపణ – పల్లెను చిన్నబుచ్చినారన్నది. కష్టం వస్తే పదిమంది పరుగెత్తుకొని వచ్చేదే పల్లె గదా అని వాదించవచ్చును. ఆ వాదంలో నిజం ఉన్నది. పాము కరిచినా, కళ్ళంలో వాముకు నిప్పు అంటుకొన్నా పిలువకుండా వచ్చేది ఇరుగుపొరుగువారే. కాని గట్టు జరిపిన తగాదాలోనో, రాత్రిపూట దెబ్బలాటలోనో సాక్ష్యం చెప్పవలసి వచ్చినప్పుడు సంగతి వేరు. చూచినవారు పదిమంది, చెప్పేవాడు ఒక్కడూ ఉండడు. ‘మనకెందుకొచ్చిన గొడవ’ అన్న మాట నల్లరేగడి నేలలలోనూ, డెల్టాలోనూ ఒక్క యాసలోనే వినిపిస్తుంది. ‘అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలూ మాయం’ అన్న సామెత పుట్టినది పల్లెలోనే. కనుక చిత్రం పల్లెను నిందించలేదు. ఆపదలో కలిసివచ్చే మనుషులే, బెదిరింపు ఎదుట విడివిడి మనుషులుగా ఎట్లా చెదిరిపోతారో చూపించినది. వారిలో దుర్మార్గులు లేరు. పిల్లలుగలవారు, పొలం పనులున్నవారు, రేపటిని గురించి ఆలోచించేవారు ఉన్నారు. అందువల్లనే చూచేవారికి సిగ్గు కలుగుతుంది.

మూడవది – పేద చిత్రమన్నది. నిండైన అలంకరణ లేదు, కనులు మిరుమిట్లు గొలిపే దృశ్యాలు లేవు. అయితే లేమి ఇక్కడ గుణంగా మారినది. స్టూడియోలో వేసిన ఊరికి వెనుక దారి ఉంటుంది. నిజమైన ఊరికి రేవు, గుడి, సందులు, మూసిన తలుపులు తప్ప మరేమీ లేవు. ఆ కొద్ది జాగాలో తిరిగే మనిషి ఎక్కడికీ పోలేడని ప్రేక్షకునికి తెలుస్తుంది. కృష్ణ ఒడ్డున అచ్చంపేట వైపు రేవులలో బల్లకట్టు ఎక్కినవారికి ఆ చెక్కల చప్పుడు పరాయిది కాదు. బాపు స్వతహాగా చిత్రకారుడు కావటం వల్ల ప్రతి దృశ్యాన్ని ముందే బొమ్మగా గీచుకొని తీసినారు. ఖర్చు లేనిచోట ముందుచూపు అక్కరకు వచ్చినది. 1968లో తాష్కెంటు చలనచిత్రోత్సవంలో ఈ పల్లె బొమ్మ ప్రదర్శితమైనది. ఇందులో మొదటిసారి నటించిన రంగారావుకు ‘సాక్షి’ ఇంటిపేరై జీవితాంతం నిలిచినది.

తెరమీది ప్రశ్నకు దేశం జవాబు చెప్పటానికి చాలా కాలం పట్టినది. సాక్షుల రక్షణ పథకం, 2018ని సుప్రీంకోర్టు ఆ సంవత్సరం డిసెంబరులో ఆమోదించి, దేశమంతటా అమలు జరగాలని ఆదేశించినది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, 398వ సెక్షనులో, ప్రతి రాష్ట్రమూ సాక్షుల రక్షణకు పథకం రూపొందించి ప్రకటించాలని నిర్దేశించినది. చిత్రం వచ్చిన 57 సంవత్సరాలకు, అదే జూలై నెలలో, బల్లకట్టువాని మొరకు శాసనంలో చోటు దొరికినదన్నమాట. కాని శాసనం కాపలా పెట్టగలదు గాని, పక్కింటివాని చేత తలుపు తీయించలేదు.

రమణగారు 2011లో, బాపుగారు 2014లో, విజయనిర్మల 2019లో, కృష్ణ 2022లో కన్నుమూసినారు. టూరింగు టాకీసుల డేరాలు లేచిపోయినవి. చిత్రం మాత్రం నిలిచి ఉన్నది. తరగతి గదిలో దీనిని గురించి మాట్లాడదలచిన ఉపాధ్యాయుడు ఒక్క మాటతో మొదలుపెట్టవచ్చును. సాక్షి అంటే స్వయంగా కళ్ళతో చూచినవాడు. ప్రేక్షకుడన్నా చూచేవాడే. ఇద్దరూ చూస్తారు. ఒకడు చూచినది చెప్పి ఆపద తెచ్చుకొంటాడు. రెండవవాడు చూచి, నిట్టూర్చి, ఇంటికి పోయి నిద్రపోతాడు. ఊరివారు ఈ ఇద్దరిలో ఎవరివంటివారు? ఆ ప్రశ్న వేసిన తరువాత తరగతిలో కొంతసేపు ఎవరూ మాట్లాడకపోతే ఉపాధ్యాయుడు కంగారుపడనక్కరలేదు. భరతుడు చెప్పిన రెండవ సిద్ధి అదే.