స్కెచ్‌బుక్‌లో తేదీ ఎందుకు వేయాలి?

బొమ్మలు గీయడం నేర్చుకునేవారికి తమ పురోగతి తమకే ఓ పట్టాన కనబడదు. మార్పు కొద్దికొద్దిగా రావడం ఒక కారణం. చెయ్యి తిరగకముందే కన్ను పదునెక్కడం రెండో కారణం. నిన్నటిదాకా పట్టని తప్పులు ఇవాళ కంటికి తగులుతాయి. అందుకే బొమ్మ మెరుగైనా చెడిపోతోందనే అనిపిస్తుంది. తేదీలు వేసిన స్కెచ్‌బుక్ ఈ భ్రమను తొలగిస్తుంది.

చూసినది చూసినట్టు గీయలేకపోవడానికి లోపం చేతిలోనే ఉందని చాలామంది అనుకుంటారు. డేల్ కోహెన్, సుసాన్ బెన్నెట్ అనే మనస్తత్వ పరిశోధకులు 1997లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అసలు లోపం ఎక్కువగా వస్తువును గ్రహించే తీరులోనే ఉంది. పక్కనుంచి చూస్తే కంచం అంచు కోలగా కనిపిస్తుంది. కంచం గుండ్రమని మెదడుకు ముందే తెలుసు కాబట్టి, కొత్తవారు దాన్ని ఉన్నదానికన్నా గుండ్రంగా గీస్తారు. నడినెత్తికీ గడ్డానికీ దాదాపు మధ్యలో ఉండే కళ్లను నుదుటి వైపు జరిపేస్తారు. కాబట్టి స్కెచ్‌బుక్‌లోని ప్రతి పేజీలో చేతినేర్పుతో పాటు ఆనాటి చూపు కూడా నమోదవుతుంది.

పోలిక సరిగా కుదరాలంటే కొన్ని పద్ధతులు పాటించాలి. ప్రతి బొమ్మ పక్కనా తేదీ, పట్టిన సమయం రాయాలి. ఎడమచెయ్యి, చెంబు, అద్దంలో సొంత ముఖం వంటి ఒకే వస్తువును నెలకోసారి, ఒకే వ్యవధిలో, పాతది చూడకుండా గీయాలి. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి కొలతలు, వాలు, వెలుగునీడలు విడివిడిగా పరిశీలించాలి. ఏది వెనకబడిందో దానిమీదే వచ్చే నెల సాధన చేయాలి. బాగా రాని పేజీలను చింపేస్తే పోల్చడానికి ఆధారమే మిగలదు.

అమెరికన్ చిత్రకళా బోధకురాలు బెటీ ఎడ్వర్డ్స్ ఇలాంటి పోలిక కోసమే తన విద్యార్థుల చేత శిక్షణకు ముందొకటి, తర్వాతొకటి స్వీయచిత్రాలు గీయించేవారు. 1979లో వెలువడిన తన పుస్తకంలో అలాంటి జంటచిత్రాలను అచ్చువేశారు. ఇక తేదీ విషయానికొస్తే, జర్మన్ చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ 1484లో, పదమూడేళ్ల ప్రాయంలో, వెండిమొన కలంతో తన బొమ్మ గీసుకున్నాడు. అది చిన్ననాడు అద్దంలో చూసి గీసినదని, ఏ ఏడాదిదో కూడా పేర్కొంటూ, తర్వాతి కాలంలో దానిమీదే రాసిపెట్టాడు. ఆ బొమ్మ ఇప్పుడు వియన్నాలోని ఆల్బర్టీనా మ్యూజియంలో ఉంది.

ఇలా తేదీలు వేసి గీయడానికి ఖరీదైన పుస్తకం అక్కర్లేదు. అలాంటిదైతే పేజీ పాడవుతుందన్న బెరుకుతో గీయడమే తగ్గిపోవచ్చు. గీతల్లేని మామూలు తెల్లకాగితాల పుస్తకం, ఒక 2బి పెన్సిల్ చాలు. ఎవరైనా పోల్చుకోవలసింది పక్కవారి బొమ్మతో కాదు, తమ పాత పేజీతోనే.