ఎక్కించినవాళ్లూ బాధ్యులే

విశాఖ పూర్ణా మార్కెట్‌ నుంచి గాజువాకకు ఫోన్లో బైక్‌ ట్యాక్సీ బుక్‌ చేస్తే తెర మీద ‘కెప్టెన్‌’ (నడిపే మనిషి) పేరు, బండి నంబరు, చార్జీ, నాలుగంకెల పిన్‌ కనిపిస్తాయి. వీటిలో ప్రయాణికుడు ఎంచుకున్నది ఒక్కటీ లేదు. ఏ బండి రావాలో, దాన్ని ఎవరు నడపాలో, ఎంత తీసుకోవాలో తేల్చేది దాదాపుగా అంతా యాప్‌ సంస్థే. అదే బండి కాన్వెంట్‌ జంక్షన్‌ దగ్గర పోర్టు లారీల మధ్య జారిపడి వెనక కూర్చున్నవాడి కాలు విరిగితే, సంస్థ షరతుల కాగితం తీసి ‘మేము మధ్యవర్తులం మాత్రమే’ అంటుంది. ఈ మాట చెల్లకూడదు. ప్రయాణం మీద అదుపు ఎవరి చేతిలో ఉందో, పరిహారంలో వాటా కూడా వాళ్ల మీదే ఉండాలి. ఇందుకు కొత్త సిద్ధాంతం అక్కర్లేదు. మన న్యాయస్థానాలు ఎప్పుడో చెప్పిన సూత్రాన్ని ఫోన్లో బుక్‌ చేసే బండికి కూడా వర్తింపజేస్తే చాలు.

ముందుగా పరిహారం లెక్క చూడాలి. ఎంత నష్టపోతున్నారో తెలియకే చాలామంది చేతికొచ్చిన మొత్తానికి సంతకం పెట్టేస్తారు. మార్కెట్లో మూటలు మోసే 35 ఏళ్ల కళాసీని ఉదాహరణగా తీసుకుందాం. నెలకు పదిహేను వేలు సంపాదిస్తాడు. కాలిలో రాడ్డు వేశారు, ఇక మునుపటిలా బరువు ఎత్తలేడు. మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్‌ కింద, ఎవరి తప్పో రుజువు చేయకుండానే, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు వస్తాయి. అది తీసుకుంటే కేసు అక్కడితో ముగుస్తుంది. 166వ సెక్షన్‌ కింద, ప్రమాద పరిహారం కేసులు వినే ట్రిబ్యునల్‌కు వెళ్తే లెక్క మారిపోతుంది. సంపాదించే శక్తిలో 40 శాతం పోయిందని ట్రిబ్యునల్‌ తేల్చిందనుకుందాం. ఏడాది ఆదాయం 1,80,000. 2017లో ప్రణయ్‌ సేఠీ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు, నలభై లోపు వయసున్న స్వయం ఉపాధి మనిషికి రేపటి ఎదుగుదల కింద మరో 40 శాతం కలిపితే 2,52,000. అందులో 40 శాతం 1,00,800. ఆ వయసుకు 2009 నాటి సరళా వర్మ తీర్పు ఇచ్చిన గుణకం 16తో హెచ్చిస్తే 16,12,800 రూపాయలు. వైద్య ఖర్చులు, నొప్పి, బాధలకు ఇచ్చేది దీనికి అదనం.

ఈ లెక్కంతా సంపాదించే శక్తి మీద ఆధారపడింది. రాజ్‌కుమార్‌ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి విడమరిచి చెప్పింది. ఎడమ చెయ్యి పోయిన వడ్రంగికీ డ్రైవరుకూ బతుకుదెరువు దాదాపు పూర్తిగా పోతుంది, అదే చెయ్యి పోయిన గుమాస్తాకు ఉద్యోగం నిలవొచ్చు. కాబట్టి వైకల్య సర్టిఫికెట్‌ మీద ఉన్న శాతాన్ని యాంత్రికంగా ఎత్తి రాయకుండా, ఆ గాయం ఆ పనికి ఏం చేసిందో ట్రిబ్యునల్‌ చూడాలి. కూర్చుని చేసే పనుల కన్నా మోసే, ఎత్తే, తోసే పనులే ఎక్కువున్న పూర్ణా మార్కెట్‌ లాంటి చోట ఈ తీర్పు విలువ చెప్పలేనంత.

అయితే ఆ పదహారు లక్షలు ఎవరిస్తారన్నదే అసలు చిక్కు. బండిది పసుపు ప్లేటైతే, అంటే అద్దెకు తిప్పేందుకు నమోదైనదైతే, ప్రయాణికుడికి బీమా రక్షణ చట్టప్రకారమే ఉంటుంది. తప్పు లారీదైతే లారీ బీమా కంపెనీ కడుతుంది. ఇద్దరి తప్పూ ఉంటే మొత్తాన్ని ఎవరి దగ్గరైనా రాబట్టుకోవచ్చని 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సొంత వాడకానికి నమోదైన తెల్ల ప్లేటు బండి తనంతట తాను పడిపోతేనే దారి మూసుకుపోతుంది. కేవలం చట్టం కోరే థర్డ్‌ పార్టీ పాలసీ వెనక కూర్చున్నవాడికి వర్తించదని 2006లో తిలక్‌ సింగ్‌ కేసు తేల్చింది. సమగ్ర పాలసీ ఉన్నా, సొంత వాడకానికి తీసుకున్న బండిని అద్దెకు తిప్పడం షరతు ఉల్లంఘన అని బీమా కంపెనీ వాదిస్తుంది. కొన్ని కేసుల్లో ట్రిబ్యునల్‌ ‘ముందు చెల్లించు, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకో’ అని ఆదేశిస్తుంది. ఆ యజమాని ఎవరంటే, వాయిదాల మీద బండి కొని రోజుకు పది పన్నెండు గంటలు తిప్పుకునే కెప్టెనే. గాయపడిన పేదవాడి పరిహారం ఇంకో పేదవాడి నెత్తిన పడుతుంది. బండిని కిరాయికి పంపిన సంస్థకు ఈ గొడవతో సంబంధమే ఉండదు.

మన ఆర్టీసీ అద్దె బస్సుల సంగతి తెలిసిన పాఠకుడికి ఈ చిక్కు కొత్త కాదు. రాజస్థాన్‌ ఆర్టీసీకీ కైలాస్‌నాథ్‌ కొఠారి తదితరులకూ మధ్య నడిచిన కేసులో 1997లో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. బస్సు ప్రైవేటు వ్యక్తిది, డ్రైవరూ ఆయన మనిషే. కానీ కండక్టరు, టిక్కెట్టు, రూటు కార్పొరేషన్‌వి. అదుపు కార్పొరేషన్‌ది కాబట్టి బాధ్యత కూడా దానిదేనని కోర్టు అంది. యాప్‌లో కండక్టరు లేడు గానీ ఆయన చేసే పనంతా ఉంది. చార్జీ లెక్క కడుతుంది, దారి చూపిస్తుంది, ప్రయాణికులిచ్చే మార్కులు తగ్గిన కెప్టెన్‌ ఐడీని నిలిపేస్తుంది. జీఎస్టీ చట్టం 9(5) సెక్షన్‌ అయితే యాప్‌ ద్వారా జరిగే ప్రయాణానికి ఆ సేవ తానే అందించినట్టుగా సంస్థే పన్ను కట్టాలంటోంది. ఖజానా దగ్గర సేవ అందించేవాడైనవాడు ఆసుపత్రి దగ్గరికి వచ్చేసరికి మధ్యవర్తి అయిపోవడం ఏం న్యాయం? బ్రిటన్‌ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్‌ డ్రైవర్లను కార్మికులుగా గుర్తించినప్పుడు చూసింది కూడా ఈ అదుపునే. అది ప్రమాదం కేసు కాకపోయినా, చార్జీని, మార్కులను, షరతులను శాసించేవాడు పక్కనుండి చూసేవాడు కాడన్న తర్కం ఇక్కడా సరిపోతుంది.

దీనికి బలమైన అభ్యంతరం ఒకటుంది. ఆటోల విషయంలో ఇప్పుడు కొన్ని సంస్థలు కమీషన్‌ మానేసి డ్రైవరు దగ్గర చందా మాత్రమే తీసుకుంటున్నాయి. డబ్బు నేరుగా డ్రైవరుకే వెళ్తుంది. అక్కడ అదుపు నిజంగానే తగ్గితే బాధ్యత కూడా తగ్గాలి, ఒప్పుకుంటాను. కానీ డ్రైవరును పరిశీలించి చేర్చుకునేది, తొలగించేది ఇప్పటికీ సంస్థే కనుక బాధ్యత సున్నా అయిపోదు. చార్జీలు పెరుగుతాయన్నది ఇంకో మాట. పెరగొచ్చు. కానీ ఇప్పుడు ఆ చౌకకు ఖరీదు కట్టేది కాలు విరిగినవాడు ఒక్కడే. అందరూ ట్రిప్పుకు కొద్దిగా పంచుకోవడమే కదా బీమా అంటే! కేంద్రం 2025 జులైలో ఇచ్చిన అగ్రిగేటర్ల (యాప్‌ రవాణా సంస్థల) మార్గదర్శకాలు ప్రయాణికుడికి కనీసం ఐదు లక్షల బీమా ఉండాలన్నాయి. మంచిదే. కానీ పైన చెప్పిన కళాసీ నష్టంలో అది మూడో వంతుకు కూడా చాలదు. అవే మార్గదర్శకాలు రాష్ట్రం ఒప్పుకుంటే తెల్ల ప్లేటు బైకులనూ అనుమతించొచ్చంటున్నాయి. అలా అనుమతించేటప్పుడు అద్దె వాడకానికి వర్తించే పాలసీని సంస్థే కట్టాలన్న షరతు లైసెన్సులో రాయాలి. ఆంధ్రప్రదేశ్‌ రవాణా శాఖను నేను కోరేది ఇంతే.

ప్రభుత్వం కదిలేలోగా గాయపడినవాళ్లు చేయాల్సినవి ఉన్నాయి. 2025 మే నుంచి రోడ్డు ప్రమాద బాధితులకు వారం రోజుల పాటు లక్షన్నర రూపాయల వరకు నగదు రహిత వైద్యం పథకం అమల్లో ఉంది, ఆసుపత్రిలో అడగండి. బుకింగ్‌ తెరను, ట్రిప్పు వివరాలను అదే రోజు ఫొటో తీసి దాచండి. ప్రయాణం ఎవరి ద్వారా జరిగిందో చెప్పే సాక్ష్యం అదే. దావాకు ఆరు నెలల గడువుంది. గడువు దాటిందని పిటిషన్లు కొట్టేయొద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినా, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయకండి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు విశాఖ వాసులైతే విశాఖ ట్రిబ్యునల్‌లోనే వేసుకోవచ్చు. లోక్‌ అదాలత్‌లో రాజీకి పిలిస్తే పైన చూపిన లెక్క వేసుకుని వెళ్లండి, అక్కడ సంతకం పెట్టాక అప్పీలు ఉండదు. వకీలు ఎంవీఓపీ (పరిహారం పిటిషన్‌) రాసేటప్పుడు బండి యజమాని, బీమా కంపెనీల పేర్ల కింద యాప్‌ సంస్థ పేరును కూడా ప్రతివాదిగా చేర్చమని అడగండి.