భావనా నమూనా – సాగర్ జలవిద్యుత్తు

మిరప కోతకు ముందే పల్నాటి రైతు కల్లానికి స్థలం చూసుకుంటాడు. గాలి ఎటునుంచి వీస్తున్నది, అకాలవర్షం కురిస్తే నీరు ఎటు పారుతుంది, కాయలను కప్పటానికి పట్టాలు ఎన్ని కావాలి, ఎండిన సరుకును ట్రాక్టరుకు ఎక్కించే దారి ఎక్కడ, రాత్రి కాపలా ఎవరు అన్న విషయాలన్నీ ఒక్క కాయనైనా కోయకముందే మనసులో అమర్చుకుంటాడు. అందులో కొలతలు ఉండవు, ధరల లెక్క ఉండదు. భాగాలు ఏవి, వాటి మధ్య సంబంధం ఎటువంటిది అన్నది మాత్రం స్పష్టంగా ఉంటుంది. ఇటువంటి అమరికనే ఇంజనీర్లు కాగితంపై గీసి 'కాన్సెప్చువల్ మోడల్' అంటారు. తెలుగులో దానిని భావనా నమూనా అనవచ్చు.

పెద్ద నిర్మాణాలను విడివిడి యంత్రాలుగా గాక ఒకే వ్యవస్థగా భావించి రూపొందించే శాస్త్రానికి సిస్టమ్స్ ఇంజనీరింగ్ అని పేరు. గత శతాబ్దం మధ్యకాలంలో అమెరికాలోని టెలిఫోను, రక్షణ పరిశోధనశాలలలో ఇది రూపుదిద్దుకున్నది. ఇందులో తొలిదశ పని భావనా నమూనాను సిద్ధం చేయటం. వ్యవస్థ హద్దు ఎక్కడ, లోపలికి వచ్చేది ఏమిటి, బయటికి పోయేది ఏమిటి, దాని వలన లాభపడేవారు, నష్టపోయేవారు ఎవరు అనే ప్రశ్నలకు ఈ దశలోనే సమాధానం వెతకాలి. కాగితంపై ఒక గీతను చెరిపి మరొకటి గీయటానికి రబ్బరు ముక్క చాలు. కాంక్రీటు పోసిన తరువాత అదే మార్పునకు సంవత్సరాలు పడతాయి.

సాహిత్య విద్యార్థులకు ఇది కొత్త సంగతి కాదు. పద్యానికి ప్రతిపదార్థం చెప్పేముందు అన్వయం కుదుర్చుకుంటాం. కర్త ఎవరో, క్రియ ఏదో, ఏ విశేషణం దేనికి చెందునో తేల్చుకోకుండా అర్థం చెప్పబోయినవాడు ప్రతి పదమూ సరిగానే చెప్పి, పద్యాన్ని మాత్రం తప్పుగా చెబుతాడు. వ్యవస్థల విషయంలోనూ అంతే.

మన ప్రాంతపు ఉదాహరణమే తీసుకుందాం. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడుదల చేశారు. సాగర్ విద్యుత్ వ్యవస్థను బొమ్మగా గీయమని ఒకసారి మా తరగతిలో అడిగాను. చాలామంది ఒక ఆనకట్ట, ఒక టర్బైను, ఒక తీగ, చివర ఒక బల్బు గీశారు. ఒంగోలు ప్రాంతపు విద్యార్థిని ఒకరు మాత్రం కుడికాలువను పొడవుగా గీసి, దాని కొసన తమ పొలాన్ని గీసి, పక్కన 'నీరు ఎప్పుడు?' అని వ్రాసింది. ఆ బొమ్మకే నేను ఎక్కువ మార్కులు వేశాను. అందులో బల్బు లేని మాట నిజమే.

ఆమె గీసిన కాలువ సుమారు 203 కిలోమీటర్ల పొడవున గుంటూరు, ప్రకాశం మెట్ట ప్రాంతాలలో సాగుతుంది. దాని కింద పత్తి, మిరప, వరి పండుతాయి. జలాశయం పూర్తి మట్టం 590 అడుగులు, కనీస మట్టం 510 అడుగులు. పంటకైనా, విద్యుత్తుకైనా ఈ రెండు మట్టాల నడుమనున్న నీరే ఆధారం. ఈ నీరు విద్యుత్తును పుట్టించి బయటికి పోవటానికి రెండు విధాల దారులు ఉన్నాయి. కాలువల తలల వద్దనున్న కేంద్రాల గుండా పోయే నీరు విద్యుత్తు ఇచ్చి ఆపై పొలాలకు పారుతుంది. కుడికాలువ కేంద్రంలో 30 మెగావాట్ల యూనిట్లు మూడు ఉన్నాయి. ఆనకట్ట దిగువనున్న ప్రధాన కేంద్రం గుండా పోయే నీరు కృష్ణానదిలోనే పడుతుంది. అది డెల్టాకు ఉపయోగపడవచ్చును గాని నరసరావుపేట వైపు పొలానికి రాదు. 'నీరు, టర్బైను, విద్యుత్తు' అని మాత్రమే గీసిన బొమ్మలో ఈ భేదం కనిపించదు. రెండు బాణాలు వేరువేరుగా గీసినప్పుడే రైతు ప్రశ్న ఇంజనీరు కాగితం మీదికి వస్తుంది.

ప్రధాన కేంద్రంలో ఒక విశేషం ఉన్నది. అందులో 110 మెగావాట్ల సాధారణ యూనిట్ ఒకటి, 100.8 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఏడు ఉన్నాయి. మొదటి యూనిట్ 1978లోను, చివరిది 1985లోను పనిచేయటం ప్రారంభించాయి. రివర్సిబుల్ యూనిట్ ఒక దిశలో తిరిగితే టర్బైను, మరొక దిశలో తిరిగితే పంపు. విద్యుత్తుకు గిరాకీ ఎక్కువైన వేళ నీటిని కిందికి వదిలి విద్యుత్తు తీసుకోవచ్చును. గిరాకీ తగ్గిన వేళ మిగులు విద్యుత్తుతో అదే నీటిని పైకి ఎత్తి జలాశయంలో పోయవచ్చును. వేయి లీటర్ల నీరు వంద మీటర్లు దిగితే నష్టాలు లేవనుకున్నా పావు యూనిట్‌కు కొద్దిగా మించి మాత్రమే వస్తుంది. ఒక టి.ఎం.సి. దిగితే సుమారు 77 లక్షల యూనిట్లు అవుతుంది. నీటిని ఎత్తటానికి నాలుగు యూనిట్లు ఖర్చు చేస్తే తిరిగి వచ్చేవి సుమారు మూడు. ఇది నష్టం కాదా అని విద్యార్థులు అడుగుతారు. అవసరం లేని వేళ ఉన్న నాలుగింటికన్న అవసరమైన వేళ దొరికే మూడు ఎక్కువ విలువైనవి. కోతల వేళ ధర పడిపోయిన మిరపను కోల్డ్ స్టోరేజీలో దాచి, కిరాయి చెల్లించి, ఆనక అమ్ముకునే రైతుకు ఈ లెక్క వివరించి చెప్పనక్కరలేదు.

అయితే నీటిని పైకి ఎత్తాలంటే కింద నీరు నిలిచి ఉండాలి. పైన జలాశయం, నడుమ యంత్రం, దిగువ మరొక జలాశయం కలిస్తేనే ఆ భావన పూర్తి అవుతుంది. సాగర్‌లో యంత్రాలు వచ్చిన నాటికి ఆ మూడవ భాగం లేదు. వదిలిన నీరు నదివెంట సాగిపోయేది. ఆనకట్టకు దిగువన సుమారు 20 కిలోమీటర్ల దూరాన, నాటి గుంటూరు, నేటి పల్నాడు జిల్లాలోని సత్రశాల వద్ద టెయిల్‌పాండ్ ఆనకట్ట 2014లో పూర్తయినది. యంత్రాలకూ చెరువుకూ మధ్య సుమారు మూడు దశాబ్దాలు గడిచాయి. ఈ చెరువు విద్యుత్ శాఖకే గాక రైతుకూ ముఖ్యమైనది. ప్రధాన కేంద్రం గుండా దిగిన నీరు మళ్ళీ పైకి చేరితే దానికి కాలువ దారి తిరిగి తెరచుకుంటుంది.

అదే సంవత్సరం జూన్ 2న రాష్ట్ర విభజన జరిగినది. ప్రధాన విద్యుత్కేంద్రం తెలంగాణ చేతిలోను, కుడికాలువ కేంద్రం, టెయిల్‌పాండ్ ఆంధ్రప్రదేశ్ చేతిలోను నిలిచాయి. ఒక్క గీత కూడా చెరగలేదు, ఒక్క యంత్రమూ కదలలేదు. అయినా వ్యవస్థ మారిపోయినది. పై గదికి తాళం ఒకరిది, కింది గదికి మరొకరిది. 2021 జూన్, జూలై నెలలలో ఎగువన విద్యుదుత్పత్తికి నీరు వదలటంపై ఇరు రాష్ట్రాల మధ్య వివాదం రేగినది. తమ ఎత్తిపోతల పథకాలకు విద్యుత్తు కావాలని తెలంగాణ, సాగునీరు వృథాగా పోతున్నదని ఆంధ్రప్రదేశ్ వాదించాయి. ఎవరి వాదం న్యాయమో తేల్చటం ఈ పాఠం పని కాదు. నమూనాలో నీటికి, విద్యుత్తుకు బాణాలు గీసినట్లే ఆజ్ఞ ఇచ్చే అధికారానికి కూడా ఒక బాణం గీయవలసి ఉన్నదని మాత్రం ఇక్కడ గమనించాలి. ఇంజనీర్లు తరచు మరచేది ఈ బాణాన్నే.

భావనా నమూనాకు పరిమితులు లేకపోలేదు. గట్టు ఎంత మందం ఉండాలో, వరద ఎంత వస్తుందో అది చెప్పదు. వాటికి లెక్కలు, చిన్న పరిమాణంలో కట్టి నీరు పారించి చూసే భౌతిక నమూనాలు అవసరం. కాని ఏ లెక్కలు వేయాలో తెలియటానికి ముందు ఈ బొమ్మ కావాలి. నేడు సూర్యరశ్మి విద్యుత్తు మధ్యాహ్నం సమృద్ధిగా దొరికి, సాయంత్రం దీపాలు వెలిగే వేళకు కరవవుతున్నది. అందువలన కింది, పై జలాశయాలను మొదటినుంచీ జంటగానే భావించి ప్రాజెక్టులు రూపొందిస్తున్నారు. ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురం వద్ద 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి పథకాన్ని సౌర, పవన విద్యుత్తులతో కలిపి ఒకే వ్యవస్థగా తలపెట్టారు.

మీ ఊరి జిన్నింగు మిల్లునో, మిరప కోల్డ్ స్టోరేజీనో తీసుకొని ఇటువంటి బొమ్మ గీసి చూడండి. విద్యుత్తు ఏ నెలలో, ఏ గంటలో ఎక్కువ కావాలి, అది ఆగితే మొదట నష్టపోయేది ఎవరు, జనరేటరుకు డీజిలు తెచ్చేది ఎవరు అన్నవి కూడా అందులో చేర్చండి. గీసిన తరువాత ఆ బొమ్మను అక్కడ పనిచేసే హమాలీకి చూపి, ఏమి తప్పిపోయినదో అడగండి.