బరంపురపు గృహపత్రములు - దూరమునుండి భద్రముగా చూచు విధానము

1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా నేర్పడినప్పుడు గంజాం మండలములో అధికభాగము, బరంపురముతో కూడ, మదరాసు రాజధానినుండి విడివడి అందు చేరినది. అంతకు పూర్వము వ్రాయబడిన తెలుగు దస్తావేజులు, జాబులు, జాతకములు, వేగుజుక్క గ్రంథమాలవంటి బరంపురపు ప్రచురణల పాతప్రతులు ఇచ్చటి తెలుగు కుటుంబముల పెట్టెలలో మిగిలియుండుట కలదు. అయితే కాగితమొకచోట, దానిని చదువగల పెద్దలొకచోట, దానితో పనిగల సంతానము వేరొకచోట నుండుట నేటి స్థితి. ఒడియా బడిలో చదివిన మనుమనికి తాతగారి వ్రాత తెలియదు. తెలియు మేనమామ హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండును. ఈ మువ్వురిని కలుపుటకు ఇంటిలోనే సర్వరు నుంచుకొను పద్ధతియు, అందలి అపాయములును, వాని నివారణమును ఈ వ్యాసమున వివరింపబడును.

ఫోనుతో ఫోటో తీసి సందేశముగా పంపుట సులభమే. కాని అట్లు పంపునపుడు చిత్రము తరచుగా కుదించబడి అక్షరములు మసకబారును. పంపిన ప్రతి యెవరిచేతికి పోవునో మన వశమున నుండదు. సర్వరనగా నిరంతరము పనిచేయుచు, అర్హులడిగిన ఫైళ్లను అందించు కంప్యూటరు. లైనక్సు స్థాపించిన పాత కంప్యూటరైనను ఇందుకు చాలును. ఎ4 పుటను అంగుళమునకు 300 చుక్కల చొప్పున రంగులలో, కుదింపులేక స్కాను చేసినచో సుమారు 26 మెగాబైట్లగును. అనగా 2 టెరాబైట్ల డిస్కులో 75,000 పుటలు పట్టును. ఈ మూలచిత్రములను కదల్పక భద్రపరచి, చదువుకొనుటకు వేరుగా చిన్న ప్రతులను చేయుట మంచిది. దూరమునుండి చూచువారికి అవి త్వరగా తెరచుకొనును.

ఇంటిలోపల ఫైళ్లను పంచుటకు సాంబా అను ఉచిత సాధనము చాలును. చిక్కు వచ్చునది బయటివారికి దారి యిచ్చునపుడే. రౌటరులో 445వ పోర్టును తెరచి సాంబాను నేరుగా ఇంటర్నెట్టునకు చూపుట పెద్ద ప్రమాదము. 2017 మే 12న చెలరేగిన వన్నాక్రై, విండోసు కంప్యూటర్లలో ఆ పోర్టున పనిచేయు ఫైళ్ల పంపిణీ వ్యవస్థయొక్క పాత లోపమును పట్టుకొని, సుమారు 150 దేశములలోని కంప్యూటర్లలో జొరబడి ఫైళ్లకు తాళములు వేసి సొమ్మడిగినది. వీధివాకిలి తెరచియుంచినచో వచ్చువాడు చుట్టమే కానక్కరలేదు గదా!

కావున వి.పి.ఎన్. అను గుప్తమార్గము నేర్పరచుకొనవలెను. వీనిలో వైర్‌గార్డు సరళమైనది. 2020 మార్చిలో వెలువడిన లైనక్సు 5.6తో అది ఆ వ్యవస్థలోనే చేరినది. ఇందు ప్రతి యంత్రమునకును రెండు తాళపుచెవులుండును. బహిరంగపు చెవిని ఇతరులకు పంపవచ్చును. రహస్యపు చెవి తాను పుట్టిన యంత్రమును విడువరాదు. సర్వరు తాను నమోదు చేసికొనిన చెవులవారికే బదులు పలుకును. ఇతరులు తట్టినచో మౌనముగా నుండును. అందుచేత పోర్టులను వెదకుచు తిరుగువారికి అచ్చట ద్వారమున్నట్లే తోచదు. ఎవరి ఫోనైన పోయినచో ఆ యొక్క చెవిని మాత్రము కొట్టివేసిన చాలును. తక్కినవారికి ఇబ్బంది లేదు.

ఇచ్చట నొక ఆటంకము కలుగవచ్చును. అనేక కనెక్షన్లలో ఒకే బహిరంగపు చిరునామాను పలు గృహములు పంచుకొనును. రౌటరు చూపు బయటి చిరునామా 100.64 మొదలు 100.127 వరకుగల అంకెలతో ప్రారంభమైనచో అట్టి పంపకమే యని గ్రహింపవలెను. అప్పుడు బయటినుండి వచ్చు పిలుపు ఇల్లు చేరదు. స్థిరమైన చిరునామాను కొనుట ఒక ఉపాయము. బహిరంగపు చిరునామాగల చిన్న యంత్రమును అద్దెకు తీసికొని, ఇంటి సర్వరే దానిని పలుకరించుచుండునట్లు చేయుట మరియొకటి. 25 సెకనుల కొకసారి చిన్న పలుకరింపు పంపిన దారి మూతపడదు. ఆ అద్దె యంత్రమున ఫైలేదియు నుంచరాదు.

లోపలికి వచ్చినవారందరికి సమానాధికార మీయరాదు. పదిమందికి చదువు అధికారము, ఇరువురికి మాత్రము మార్చు అధికారము చాలును. ఒక బంధువు ల్యాప్‌టాపునకు వైరసు సోకినను అప్పుడది దస్తావేజులను చెరుపజాలదు.

ఇంతచేసినను తుపాను సంగతి మరువరాదు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురము చెంత తీరము దాటినది. సరిగా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతమున తీరము దాటి గంజాం, గజపతి మండలములను ముంచినది. కనుక బరంపురపు ప్రతికి విశాఖ ప్రతి తోడుగా నున్నను చాలదు. రెండును ఒకే తీరమునందున్నవి. రెండవ ప్రతి హైదరాబాదువంటి లోపలి నగరమున బంధువు నింట నుండవలెను. రెస్టిక్ వంటి ఉచిత సాధనము ప్రతిరాత్రియు, మారిన భాగమును మాత్రమే, గుప్తలిపిలో అచ్చటికి చేర్చగలదు. దాని సంకేతపదమును కాగితముపై వ్రాసి వేర్వేరు ఊళ్లలోని ఇరువురికడ నుంచవలెను. ఒకరే యెరిగిన సంకేతపదము వారితోనే పోవును.

ప్రతి యున్నదను నమ్మకము కన్న దానిని తెరచి చూచుట మేలు. ఏటేట అక్టోబరు రాకముందే దూరపు ప్రతినుండి యొక దస్తావేజును తీసి, అందలి సరిహద్దుల పంక్తి చదువ వీలగుచున్నదో లేదో పెద్దలచేత చదివించి చూడవలెను. చదువుట వినుచు పిల్లలు నాలుగక్షరములు నేర్చినచో, ఆ పత్రమును కాపాడినందుకు నిజమైన ఫలము దక్కినట్లే.