ముల్లు చెప్పు మాట



పూర్వము మన పెద్దలు ముహూర్తకాలము నెరుగుటకు ఘటికాయంత్రము నుపయోగించెడివారు. అడుగున సన్నని రంధ్రముగల రాగిగిన్నెను నీటిపై విడువగా, అది నిండి మునుగుటకు పట్టు కాలమే యొక గడియ, అనగా 24 నిమిషములు. ఆ రంధ్రము రవంత పెద్దదైనచో గిన్నె ముందుగనే మునుగును. గిన్నె యెంత తళతళలాడినను ముహూర్తము తప్పకమానదు. మోటారుకారు మీటర్లను గూర్చి వ్రాయబూని యీ ప్రస్తావనయేల యందురా? మా యింట జరిగిన దానిని విన్నచో మీకే తెలియగలదు.

మా మామగారు విడిచిపోయిన యాస్తిలో నొక పాత అంబాసిడరు కారు గలదు. పశ్చిమ వంగమునందలి ఉత్తరపారాలో తయారగుచుండిన యీ బండ్ల నిర్మాణము 2014లో నిలిచిపోయినది. మా మరిది దానియందు మక్కువగొని, 1,489 సి.సి. పాత యింజినును తీయించి, అంతకంటె బలమైన ఇసుజు 1,800 సి.సి. తరగతి యింజినును, అయిదు గేర్ల పెట్టెను తెనాలిలో నమర్పించెను. పాతమీటర్లు మసకబారినవని, ప్రాతకాలపు సొంపుగల క్రొత్తమీటర్లను దూరమునుండి తెప్పించి బిగించెను. నల్లని ముఖము, తెల్లని యంకెలు, వెండివంటి చుట్టు! చూచినవారెల్ల మెచ్చిరి. నేనును మెచ్చితిని.

పదిదినములైన పిదప నొకనాటి రాత్రి రేపల్లెలో మా అత్తగారికి ఆయాసము హెచ్చినది. తెనాలి యాసుపత్రికి బయలుదేరితిమి. పెట్రోలు ముల్లు ముప్పాతికకు పైన నుండెను. తమ్ముడు పోయించెనని మావారును, అన్నగారు పోయించిరని మరిదియు దలంచిరి. భట్టిప్రోలు దాటి కొంతదూరము పోవునప్పటికి బండి రెండుమారులు దగ్గి నిలిచిపోయినది. ముల్లు మాత్రము ట్యాంకు నిండుగా నున్నదనియే చెప్పుచుండెను! చుట్టును చీకటి; నా యొడిలో అత్తగారి తల. “వచ్చేశామా, అమ్మాయీ?” అని యామె యడిగిరి. “వచ్చేస్తున్నామండీ, అత్తయ్యగారూ” అని నే ననృతమాడితిని. అరగంటకు పాలవ్యానొకటి దైవమువలె వచ్చి మమ్ము తెనాలి చేర్చినది. అత్తగారు కోలుకొనిరి. కాని యా యరగంటను నేను మరువజాలను.

కారణము విచారింపగా నిట్లు తేలినది. ట్యాంకులోని ఫ్లోటు పెట్రోలుతోపాటు లేచుచు, పడుచు, విద్యుత్తున కడ్డుపడు నిరోధమును మార్చుచుండును. ఈ నిరోధమును ఓములలో కొలుతురు. కొన్ని పద్ధతులలో ట్యాంకు ఖాళీయైనప్పుడు 240 ఓములు, నిండినప్పుడు 33 ఓములు. మరికొన్నిట ఖాళీకి 10, నిండుటకు 180. మా ఫ్లోటు మొదటి జాతిది, క్రొత్తమీటరు రెండవజాతిది. కావున పెట్రోలు తరిగినకొలది ముల్లు పైకెక్కినది! బిగించిననాడు ట్యాంకు సగముండుటచే తప్పెవ్వరికిని గానరాలేదు. మీటరు చెడ్డదికాదు, ఫ్లోటును చెడ్డదికాదు. వానికి పొత్తు కుదరలేదు. వధూవరులవలె వీనికిని జాతకములు చూచియే ముడివేయవలెను.

అప్పటినుండి మేము నేర్చిన సంగతులివి. పెట్రోలుమీటరును బిగించిన పిదప, ఖాళీ ట్యాంకులో అయిదేసి లీటర్లు కొలిచి పోయుచు, ముల్లు నిలుచు చోటునెల్ల కాగితముపై గుర్తింపవలెను.

వేగము చూపు స్పీడోమీటరును జర్మనీ దేశీయుడగు ఆటో షుల్జ్ 1902లో పేటెంటు చేసెను. గేరుపెట్టెనుండి వచ్చు కేబులు ఒక అయస్కాంతమును త్రిప్పగా, దాని ప్రభావమున అల్యూమినియపు గిన్నె తిరుగజూచును; సన్నని స్ప్రింగు దానిని వెనుకకు లాగును. ఈ రెంటి పెనుగులాటయే ముల్లు కదలిక. గేరుపెట్టెను గాని, చక్రముల కొలతను గాని మార్చినచో కేబులు చుట్లలెక్క మారి ముల్లు తప్పు చెప్పును. మఱియు 1962కు ముందటి ముఖములపై మైళ్లుండుట కద్దు. 60 మైళ్లన్నచో 97 కిలోమీటర్లకు దగ్గర. పరీక్ష సులభము. ముల్లును 60 కిలోమీటర్లకడ నిలిపి నడిపినచో, రాయికిని రాయికిని నడుమ సరిగా 60 సెకండ్లు పట్టవలెను. బాపట్లనుండి సూర్యలంకకు పోవు బాటలో నేను గడియారము చేతబట్టి చూడగా 72 సెకండ్లు పట్టినది. అనగా నిజమైన వేగము 50 మాత్రమే.

వేడిమీటరునకు మన వంటిల్లే పరీక్షాశాల. తీగలు కలిపి, సెన్సారు కొనను మరుగునీట నుంచినచో, సముద్రమట్టమునకు చేరువనున్న మన సీమలో ముల్లు 100 డిగ్రీలు చూపవలెను. సన్నని గొట్టముతో కూడిన పాతరకమైనచో ఆ గొట్టమును మడువరాదు, కోయరాదు.

నూనె యొత్తిడి మీటరులో నుండునది 1849లో ఫ్రాన్సు దేశపు యూజీన్ బూర్డాన్ కనిపెట్టిన వంకరగొట్టము. ఒత్తిడి హెచ్చగా నది విప్పుకొనజూచును. బలమైన యింజినున కిదియే ప్రాణనాడి. ఈ ముల్లు హఠాత్తుగా పడిపోయినచో ఒక్క నిమిషమైనను నడుపక యింజినును నిలుపవలెను.

పాత అమ్మీటరు విషయమున మిక్కిలి జాగరూకత వలయును. బండి విద్యుత్తులో పెద్దభాగము దానిగుండనే పోవును. డైనమోకు బదులు శక్తిమంతమైన ఆల్టర్నేటరును పెట్టినచో, 30 ఆంపియర్ల అమ్మీటరు కాలి మంటలు పుట్టవచ్చును. దానికి మారుగా వోల్టుమీటరు క్షేమకరము. 12 వోల్టుల బండి నడుచుచుండగా నది 14కు దగ్గరగా నుండవలెను.

కావున కొనునప్పుడు ముఖము చూచి మురియక, ఓము లెన్ని, వోల్టు లెన్ని, కేబులు చుట్లెన్ని యని యడుగుడు. సమాధానము చెప్పజాలనివాని సరకు కొనకుడు. యంత్రములమాట మగవారిదని యూరకుండరాదు. ఆ రాత్రి అందరికంటె ముందుగా ముల్లును శంకింపదగినదానను నేనే. ఏలయన ఇంటి పద్దు వ్రాయుదానను నేను. ఆ పది దినములలో పెట్రోలునకు పైసయైన వ్రాసియుండలేదు.

అందమైన యబద్ధముకంటె మసకబారిన సత్యమే యింటికి మేలు.